మేత పెట్టి పంపిన ఎడ్లు

హనుమాన్ జంక్షన్,
ఆదివారం ఉదయం.

చిరంజీవి మేనల్లుడికి,

  

మొన్న రాత్రి ఫోన్లో, స్నేహితుడి దగ్గర కిరాయి తీసుకోవాలా అని నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ‘ఆలోచించి చెప్తాలే’ అన్నాను. నిజానికి ఆ జవాబు నాకు దాదాపు నలభై ఏళ్లుగా తెలుసు. అది చెప్పాలంటే నా పాత సంగతి ఒకటి చెప్పాలి. ఫోన్లో అది నా వల్ల కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

నువ్వు చెప్పింది ఇదీ. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా, షెడ్డు నడుపుకునే నీ స్నేహితుడి కోసం నీ పికప్‌లో గుడివాడ నుంచి విజయవాడ ఆటోనగర్‌కు పదకొండు ట్రిప్పులు తోలావు. వాడు ఊళ్లల్లో మూలనపడ్డ పాత మోటారు సైకిళ్లు కొని, ఆటోనగర్‌లో ఇంజన్ పని, పెయింటు చేయించి అమ్ముకుంటున్నాడు. ఈ పదకొండు ట్రిప్పుల్లో రెండుసార్లు డీజిల్ కొట్టించాడు, మూడుసార్లు భోజనం పెట్టించాడు. ‘చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు మామయ్యా, డబ్బులడిగితే ఏమనుకుంటాడో’ అన్నావు. ఆ వెంటనే, ‘ఈమధ్య వాడి ఫోన్ మోగితేనే చిరాకేస్తోంది’ అని కూడా అన్నావు. నాకు గుచ్చుకున్నది ఆ రెండో మాట.

ముందు మీ తాతయ్య సంగతి చెప్తాను. ఆయన దగ్గర ఒక జత ఎడ్లూ ఒక బండీ ఉండేవి. నువ్వు పుట్టేసరికి అమ్మేశాం. ఊళ్లో బండి లేనివాళ్లు వచ్చి అడిగేవాళ్లు. నొప్పులు పడుతున్న మనిషిని గుడివాడ ఆసుపత్రికి చేర్చాలంటే అర్ధరాత్రయినా ఆయనే లేచి కాడి కట్టేవాడు. దానికి ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు, ఆయనా ఎదురుచూసేవాడు కాదు. అదే కోతలయ్యాక ధాన్యం బస్తాలు మిల్లుకు తోలుకోవాలంటే బాడుగ ఎంతో ముందే అనుకునేవాళ్లు, అడిగినవాడు అన్నదమ్ముల వరస అయినా సరే. ఏ పని మీద తీసుకెళ్లినా ఒక షరతు మాత్రం మారేది కాదు. తిరిగి తోలుకొచ్చేటప్పుడు ఎడ్లకు కడుపునిండా గడ్డి వేసి, కుడితి పెట్టి తీసుకురావాలి. ఎవరైనా ఆకలి ఎడ్లను తెచ్చి కొట్టంలో కట్టేసి వెళ్తే ఆయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ రెండోసారి వాళ్లకు బండి దొరికేది కాదు.

ఆ పద్ధతిలో ఒకరి మనసులో ఏముందో ఇంకొకరు ఊహించుకోవాల్సిన పని లేదు. కష్టానికి బండి ఊరికే వస్తుంది. లాభానికి బాడుగ ఇవ్వాలి. ఎడ్లు మాత్రం ఎప్పుడూ ఆకలితో ఇంటికి రాకూడదు. ఇది ఊరందరికీ తెలుసు కాబట్టి అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మొహమాటం లేదు. ఎడ్లతోపాటు ఆ కట్టుబాటూ పోయింది. ఇప్పుడు నీ పికప్‌కు ఏది ధర్మమో ఊరు చెప్పదు. మీ ఇద్దరే కూర్చుని అనుకోవాలి. నేనూ నా స్నేహితుడూ అనుకోలేదు. అదే నా కథ.

1986లో వడ్డీకి డబ్బు తెచ్చి పాత మెటాడోర్ కొన్నాను. ఆ రోజుల్లో కొత్త బజాజ్ స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం చూడాలి. అందుకని పాత స్కూటర్లకు మంచి గిరాకీ ఉండేది. నా ప్రాణ స్నేహితుడొకడు మెకానిక్. ఊరూరా తిరిగి పాడైపోయిన స్కూటర్లు కొనేవాడు, నేను మెటాడోర్‌లో వేసుకుని వాడి షెడ్డుకు చేర్చేవాణ్ని. మొదట్లో అది నాకు పండగలా ఉండేది. ఇద్దరం పొద్దున్నే బయల్దేరడం, దారిలో ఇడ్లీలు తినడం, బేరం కుదిరితే పాటలు పాడుకుంటూ తిరిగి రావడం. బాడుగ మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అలా రెండున్నరేళ్లు గడిచాయి.

1988 ఎండాకాలంలో నా బండి వెనక టైరు పగిలింది. కొత్త టైరు కొనడానికి చేతిలో డబ్బు లేక మీ అత్త గాజులు తాకట్టు పెట్టాను. అదే నెలలో వాడు ఇంటి స్థలం కొనుక్కున్నాడు. రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకం పెట్టమని ఎంతో ఆప్యాయంగా నన్నే పిలిచాడు. వెళ్లి సంతకం పెట్టాను. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఎవరో ‘మంచి స్థలం కొన్నావు’ అని వాడిని మెచ్చుకున్నారు. నాలో ఏదో తెగిపోయింది. పదిమందిలో, ‘నా టైర్లు అరగదీసి కొన్నాడులే’ అనేశాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. ‘ఒక్కసారి అడిగితే ఇచ్చేవాణ్ని కదరా’ అన్నాడు. కాసేపాగి, ‘ముదినేపల్లి దగ్గర అర్ధరాత్రి నీ బండి ఆగిపోతే స్కూటరేసుకుని వచ్చాను. నీ క్లచ్ ప్లేట్లు ఎన్నిసార్లు మార్చాను? కూలి అడిగానా?’ అన్నాడు. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నా మనసులో ఒక పద్దుల పుస్తకం ఉందని అప్పుడు తెలిసింది. అందులో నేను తోలిన ట్రిప్పులన్నీ తేదీలతో సహా ఉన్నాయి. వాడు చేసిన రిపేరు ఒక్కటీ అందులో ఎక్కలేదు. వాడి మనసులోనూ అలాంటిదే ఒకటి ఉండి ఉంటుంది. అందులో వాడి రాత్రులూ వాడి రిపేర్లూ ఉంటాయి. ఆ రెండు పుస్తకాల్నీ మేం ఏనాడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

నాలుగేళ్లు మా మధ్య మాటల్లేవు. వాడి కూతురి పెళ్లికి మీ అత్త ఒక్కతే వెళ్లి చదివింపులు ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత మాటలు కలిశాయి. అయితే గొడవకు ముందు వాడింటికి వెళ్తే గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లి, ‘వదినా, ఏం కూర?’ అని అడిగేవాణ్ని. తర్వాత వెళ్లినప్పుడల్లా వరండాలో కుర్చీ వేశారు. వాడు పోయేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

అడగాల్సినప్పుడు అడగలేదు. నోరు తెరిచిన రోజున అడగడం మాని నిందించాను. నాయనా, నువ్వు ఆ దారిలో సగం దూరం వచ్చేశావు. ఫోన్ మోగితే చిరాకేయడం దానికి గుర్తు.

ఇంకో గుర్తు చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు, నీళ్లు తీయగానే మీ పిన్ని వాళ్ల వీధికి వెళ్లావు. బురదలో కూరుకుపోయిన మోటారు సైకిళ్లను పికప్‌లో వేసి మెకానిక్ షెడ్లకు చేర్చావు. నీ స్నేహితుడు నీ పక్కనే ఉండి, తడిసిన ఇంజన్లు విప్పి ఆరబెట్టాడు. మీరిద్దరూ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తర్వాత ఎన్ని ట్రిప్పులు వేశావురా అని నేనడిగితే నీకు గుర్తే లేదు. ఆటోనగర్‌కు వేసిన ట్రిప్పులు మాత్రం పదకొండు అని టక్కున చెప్పావు. ఇష్టంగా ఇచ్చినదాన్ని మనసు లెక్కపెట్టదు. మొహమాటంతో ఇచ్చినదాన్ని ఒక్కటీ వదలకుండా రాసుకుంటుంది. మొహమాటం చూడ్డానికి మంచితనంలాగే ఉంటుంది. కానీ లోపల అది వడ్డీ పెరుగుతున్న అప్పు, ఆ అప్పు సంగతి తీర్చాల్సినవాడికే తెలియదు.

అందుకని, నీ ప్రశ్నకు జవాబు: తీసుకో. ఆటోనగర్ ట్రిప్పుకు డబ్బు తీసుకో. అది వాడి వ్యాపారం. బండి ఎక్కించిన ప్రతి మోటారు సైకిల్ మీదా వాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి, మిగలాలి కూడా. మెకానిక్ కూలీ, పెయింటరు కూలీ, విడిభాగాల ధరా ఎలాగైతే వాడి పెట్టుబడిలో ఉన్నాయో రవాణా ఖర్చూ అలాగే ఉండాలి. అది నీ జేబులోంచి వెళ్తున్నన్నాళ్లు వాడికి తన లాభమెంతో కూడా సరిగ్గా తెలియదు. రేపు నువ్వు ఊళ్లో లేని రోజున స్టాండులో బండి మాట్లాడుకుంటే తప్ప ఆ సంగతి బయటపడదు.

ఎంత తీసుకోవాలన్నది లెక్క వేసి చూద్దాం. రానుపోను 84 కిలోమీటర్లు అన్నావు. లోడు మీద లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందన్నావు. అంటే ఏడు లీటర్లు. లీటరు వంద రూపాయలకు దగ్గరగా ఉంది కాబట్టి డీజిల్‌కు 700. నాలుగు టైర్లకు 28,000 పెట్టావు. అవి 40,000 కిలోమీటర్లు నడిచాయనుకున్నా కిలోమీటరుకు 70 పైసలు, ఈ ట్రిప్పుకు 59 రూపాయలు. పదివేల కిలోమీటర్లకోసారి సర్వీసింగ్‌కు 6,000 అవుతోంది, దాని వాటా 50. సరుకుల బండి 7,500 కిలోల లోపుదైనా 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియమే 16,049 రూపాయలు, పన్ను కాకుండా. దానితోపాటు మిగతా ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, టాక్సు అన్నీ కలిపి ఏడాదికి 30,000 అనుకో. మూడొందల రోజులు తిరిగితే రోజుకు వంద, ఈ పని సగం రోజుది కాబట్టి 50. నెలకు కిస్తీ 14,500. ఇరవై అయిదు పనిదినాలకు పంచితే రోజుకు 580, సగం రోజుకు 290. అన్నీ కూడితే 1,149. నీ కష్టానికి ఒక్క రూపాయి వేసుకోకుండానే ఇంత. టోల్ పడితే అది అదనం.

స్టాండులో ఇదే దూరానికి 2,200 అడుగుతారన్నావు. నీ ఖర్చుకూ ఆ కిరాయికీ మధ్య ఉన్న వెయ్యిలో నుంచి ఎంత వదులుకున్నా అది నువ్వు స్నేహితుడికి ఇచ్చే కానుక. నీ కష్టం నీది, నీ ఇష్టం. కానీ 1,150 కంటే తగ్గితే అది నీ ఒక్కడిదీ కాదు. అందులో బ్యాంకు కిస్తీ ఉంది, తగ్గినంతా పిల్లవాడి స్కూలు ఫీజులోంచి పోతుంది. నీ భార్యను అడగకుండా వాటిని దానం చేసే హక్కు నీకు లేదు. గాజులు తాకట్టు పెట్టిన రోజున నాకు తెలిసొచ్చిన సంగతి ఇది. నన్నడిగితే 1,600 అంటాను. విజయవాడలో తిరుగు లోడు దొరికిన రోజున 1,300 చాలు.

మరి ఎప్పుడు తీసుకోకూడదు? దారిలో వాడి సొంత బండి పాడై ఫోన్ చేస్తే, వాడింట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, వాడి పిల్లల పెళ్లికి సామాను తోలాల్సి వస్తే, ఇల్లు మారితే, అప్పుడు కిరాయి మాట నీ నోట్లోంచి రాకూడదు. వాడు డీజిల్ కొట్టిస్తే వద్దనకు. ఎడ్లకు మేత పెట్టడం వాడి మర్యాద, దాన్ని కాదంటే వాడి మనసు నొచ్చుకుంటుంది.

డబ్బుతోపాటు ముందే అనుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బండి ఎవరిదో కాగితం లేకుండా ఏ మోటారు సైకిలూ ఎక్కించకు. ఆర్సీ ఉండాలి, అమ్మినవాడు సంతకం చేసిన ఫారం 29, ఫారం 30 ఉండాలి. నీ స్నేహితుడు నిజాయితీపరుడే. కానీ వాడికి అమ్మినవాడి సంగతి మీ ఇద్దరికీ తెలియదు. అది దొంగిలించిన బండి అయితే పోలీసులు ఆపినప్పుడు స్టీరింగ్ దగ్గర ఉండేది నువ్వు.

ఎక్కించేముందు ప్రతి బండినీ నాలుగువైపులా ఫొటో తీయండి. పాత సొట్ట ఏదో, దారిలో పడ్డ సొట్ట ఏదో తర్వాత వాదించుకోనక్కర్లేదు. కట్టు వదులై బండి పడితే ఖర్చు నీది, ముందే ఉన్న లోపం వాడిది అని అనుకోండి. సైడు స్టాండును నమ్మకు. ముందు చక్రం క్యాబిన్ వైపు ఆనించి, హ్యాండిల్‌కు రెండువైపులా బెల్టులు బిగించు. పెట్రోలు కాక్ మూసేయి. బండికీ బండికీ మధ్య గోనెపట్టా వెయ్యి. ఒక స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. అలాంటివి అయిదు వేసినా నీ బండికి బరువు కాదు. ప్రమాదమంతా కట్టులోనే ఉంది.

‘పాత మారుతీ 800 కూడా వేసేద్దాం’ అంటున్నాడని చెప్పావు. దానికి మాత్రం గట్టిగా వద్దను. అది 650 కిలోలే, నీ బండి మోస్తుంది. కానీ దాని పొడవు 3.3 మీటర్లు. నీ బాడీ తొమ్మిదడుగులు, అంటే 2.7 మీటర్లు. వెనక డోరు తెరిచి రెండడుగులు బయటికి వేలాడదీసి తోలాలి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, సరుకు అలా బాడీ దాటి పొడుచుకొస్తే 20,000 జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచు, వెనక వచ్చేవాడి ప్రాణం మాటేమిటి? కారుకు టోయింగ్ బండి పిలిపించుకోమను. ఇంకొకటి, మోటారు సైకిళ్లను పట్టుకోవడానికని కుర్రాళ్లను వెనక ఎక్కించకు. 1994లో చట్టం సవరించాక సరుకు యజమానికో, అతని తరఫు మనిషికో ఇన్సూరెన్సు వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవాళ్లకు వర్తించదు. నీ స్నేహితుడు నీ పక్కన క్యాబిన్లో కూర్చుంటే చాలు.

నీ బండిది పసుపు నంబరు ప్లేటు కాబట్టి కిరాయి తీసుకోవడంలో తప్పు లేదు. సొంత వాడకానికి తెల్ల ప్లేటు మీద పికప్ కొన్నవాళ్లు నీ మిత్రుల్లో ఉంటే, వాళ్లు కిరాయికి తోలకూడదని చెప్పు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది అదే.

ఇక ఎలా చెప్పాలి అన్నది. ఫోన్లో చెప్పకు. మోటారు సైకిళ్లు ఎక్కించే చోట, నలుగురిలో అసలే చెప్పకు. ట్రిప్పుకు ముందురోజు సాయంత్రం వాడి షెడ్డుకు వెళ్లు. పని ముగించి చేతులు కడుక్కునేదాకా ఆగు. ఇలా అను: ‘ఒరేయ్, నీ వ్యాపారం నిలదొక్కుకుంది, నాకు సంతోషంగా ఉంది. ఇకనుంచి ఆటోనగర్ ట్రిప్పుకు 1,600 అనుకుందాం. నీ ఇంటి పనికైతే బండి నీదే. నా బండికి నువ్వు చేసే పనికీ కూలి రాయి. నెలాఖరుకు ఇద్దరం కూర్చుని చూసుకుందాం.’ ఇంతే. కిస్తీ కష్టాలు ఏకరువు పెట్టకు. క్షమాపణ అడిగినట్టు మాట్లాడకు. నువ్వు తలదించుకుని అడిగితే, తప్పు చేశానేమోనని వాడూ తలదించుకుంటాడు.

సరుకు దించిన రోజునే డబ్బు తీసుకో, ఫోన్‌పే చేసినా సరే. ‘తర్వాత చూద్దాంలే’ అని నువ్వే అనకు. ఒక నోటుపుస్తకం కొని వాడి షెడ్డులోనే పెట్టండి. ట్రిప్పులు ఒక పేజీలో, రిపేర్లు ఎదుటి పేజీలో రాయండి. అది ఇద్దరికీ కనబడుతూ ఉండాలి. మా ఇద్దరి దగ్గరా లేకపోయింది ఆ ఒక్క పుస్తకమే.

జరిగిపోయిన పదకొండు ట్రిప్పులను వదిలెయ్. వదిలేశానని వాడితో అనకు కూడా. పోయిన ఏడాది నీ చెల్లెలి పెళ్లిలో మూడు రోజులు పందిరి దగ్గర నిద్రలేకుండా నిలబడింది ఎవరు? నీ సైలెన్సరు ఊడిపోతే వెల్డింగ్ చేయించి, డబ్బు పుచ్చుకోకుండా పంపింది ఎవరు? ఆ పేజీ కూడా తిరగేసి చూసుకో. చాలావరకు చెల్లుకు చెల్లు అయి ఉంటుంది.

మాట విని వాడి ముఖం చిన్నబోవచ్చు. కొన్నాళ్లు వేరే బండి పెట్టుకోవచ్చు. పెట్టుకోనీ. దానివల్ల నీకు ఒక కిరాయి తగ్గుతుంది, స్నేహానికేమీ కాదు. వాడు నిజంగా స్నేహితుడైతే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అని నిన్నే కోప్పడతాడు. మా వాడు అన్న మాట అదే. నేను ఆలస్యంగా విన్నాను.

మీ తాతయ్య సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, అరువు వెళ్లిన ఎడ్లు వీధి మలుపు తిరగ్గానే వాటి డొక్కల వైపు చూసేవాడు. డొక్కలు నిండుగా ఉంటే, ‘మంచివాడికే ఇచ్చాం’ అనేవాడు. ఆయన అలా అనగలిగింది, ఎడ్లకు ఏం పెట్టాలో తీసుకెళ్లినవాడికి ముందే తెలుసు కాబట్టి. నీ స్నేహితుడికి నీ బండి మేత ఎంతో నువ్వు ఇంతవరకు చెప్పలేదు. చెప్పకుండా, పెట్టలేదని అలగడం న్యాయం కాదురా. చెప్పు. మంచివాడినని చూపించుకునే అవకాశం వాడికివ్వు.

మా అక్కయ్యతో మోకాళ్ల మందు మానొద్దని చెప్పు. పిల్లవాడికి మా ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య